మడి వేరు, శీలం వేరు

బయట భోజనం చేయడం చిన్న విషయం. ఇంట్లో వండుకోలేని రోజున, ఊరు వెళ్లిన రోజున, పిల్లలు పరీక్ష పాసైన రోజున హోటల్‌కు వెళ్తాం, తింటాం, డబ్బులిచ్చి వస్తాం. ఇందులో ధమ్మ చర్చకు ఏముంది అని అడిగేవాళ్లుంటారు. మేమూ అలాగే అనుకునేవాళ్లం. పోయిన చలికాలం విశాఖపట్నంలో ఒక సాయంత్రం మా మధ్య నడిచిన మాటలు ఆ అభిప్రాయాన్ని మార్చాయి. ఆ మాటలు మా పదకొండు మందికే పరిమితం కాకూడదని ఇక్కడ రాస్తున్నాం.

మేము భిలాయిలోని నెహ్రూనగర్‌లో, చుట్టుపక్కల సెక్టార్లలో ఉంటున్న తెలుగు బౌద్ధ కుటుంబాల వాళ్లం. 1955లో సోవియట్ యూనియన్‌తో ఒప్పందం కుదిరి, 1959 ఫిబ్రవరిలో మొదటి బ్లాస్ట్ ఫర్నేస్ వెలిగే లోపు, మట్టి మోయడానికీ ఇనుము మోయడానికీ ఉత్తరాంధ్ర నుంచి వచ్చిన కూలీలు మా పెద్దలు. ఇప్పుడు మాలో కొందరు రిటైరయ్యారు, కొందరి పిల్లలు హైదరాబాద్‌లో, పుణెలో ఉద్యోగాలు చేస్తున్నారు. దుర్గ్ నుంచి విశాఖకు వందే భారత్ రైలు వచ్చాక, పొద్దున బయలుదేరితే మధ్యాహ్నానికల్లా సముద్రం దగ్గర ఉంటున్నాం. అలా పెద్దలం ఆరుగురం, పిల్లలు ఐదుగురు కలిసి తొట్లకొండ, బావికొండ చూద్దామని వెళ్లాం.

తొట్లకొండ మీద రాతిలో తొలిచిన నీటి తొట్లు చూశాం. ఆ కొండకు ఆ పేరు వాటి వల్లే వచ్చింది. స్తూపాలు, విహార గదులు, వాటితో పాటు వంటశాల, భోజనశాల పునాదులు కూడా అక్కడ ఉన్నాయి. సుమారు 2000 ఏళ్ల కిందట భిక్ఖువులు సముద్రానికి ఎదురుగా ఒకే వరసలో కూర్చుని తిన్న చోటు అది. మా పిల్లలు అన్నిటికంటే ఆ భోజనశాల దగ్గరే ఎక్కువసేపు నిలబడ్డారు. ఒకప్పుడు ఎవరో అక్కడ అన్నం తిన్నారు అన్న మాట స్తూపం కంటే వాళ్లకు దగ్గరగా తోచినట్టుంది.

సాయంత్రం బీచ్ రోడ్డుకు వచ్చాం. మురీ మిక్చర్ పొట్లాలు తిన్నాం. రాత్రి భోజనం ఎక్కడ అన్న ప్రశ్న వచ్చింది. పెద్దల్లో ఇద్దరు ‘ప్యూర్ వెజ్’ బోర్డు ఉన్న హోటల్ చూపించారు. తీర్థయాత్రలాంటి ప్రయాణం కదా, ఈ రోజుకు మాంసం ఎందుకు అన్నారు. పిల్లలు పై అంతస్తులో సముద్రం కనపడే ఒక పబ్ చూపించారు. అక్కడ చేపలు బాగుంటాయట, పాటలుంటాయట. పబ్ అనగానే పెద్దల ముఖాలు మారాయి. పంచశీల తీసుకున్నవాళ్లం పబ్‌కు ఎలా వెళ్తాం అని మేమే ముందు అన్నాం.

అప్పుడు హైదరాబాద్‌లో ఉద్యోగం చేస్తున్న కుర్రవాడు ఒకడు అన్నాడు:

“బాబాయ్, తాతగారిని కులం పేరు చెప్పి హోటల్ బయట నిలబెట్టారు. ఇప్పుడు మీరు శీలం పేరు చెప్పి మమ్మల్ని బయట నిలబెడుతున్నారు. ఒక మడి పోయి ఇంకో మడి వచ్చింది, అంతే కదా?”

మాలో ఎవరం వెంటనే జవాబు చెప్పలేకపోయాం. ఆ మాట తేలికగా తీసిపారేయదగ్గది కాదు.

ముందుగా ఆ కుర్రవాడి మాటలో ఉన్న నిజం చూద్దాం. హోటల్ గుమ్మం మనకు ఊరికే రాలేదు. మా చిన్నప్పుడు సెలవులకు తాతగారి ఊరు వెళ్తే, అక్కడి టీ కొట్టులో మన వాడ వాళ్ల గ్లాసులు వేరే ఉండేవి. చూరు కింద ఒక మేకుకు తగిలించి ఉండేవి. ఎవరి గ్లాసు వాళ్లే తీసుకుని, పై నుంచి పోసిన టీ తాగి, వాళ్లే కడిగి మళ్లీ తగిలించాలి. లోపల బల్లలు ఖాళీగా ఉన్నా బయట నేల మీదే కూర్చోవాలి. డబ్బులు మాత్రం అందరిదీ ఒకటే రేటు.

తర్వాత న్యాయశాస్త్రం చదివేటప్పుడు 1955 నాటి అస్పృశ్యతా నేరాల చట్టం చేతికి వచ్చింది. 1976 సవరణతో పౌరహక్కుల పరిరక్షణ చట్టం అని పేరు మారింది అదే. దాని 4వ సెక్షన్ దుకాణాల్లోకి, పబ్లిక్ రెస్టారెంట్లలోకి, హోటళ్లలోకి, వినోద స్థలాల్లోకి అస్పృశ్యత కారణంగా రానివ్వకపోవడాన్ని నేరం అంటుంది. అక్కడితో ఆగకుండా, హోటల్లో అందరి కోసం ఉంచిన గిన్నెలూ ఇతర వస్తువులూ వాడనివ్వకపోవడం కూడా నేరమే అంటుంది. ఒక దేశపు చట్టం గిన్నెల దాకా దిగి రావలసి వచ్చింది. నేరం రుజువైతే నెల నుంచి ఆరు నెలల దాకా జైలు, 100 నుంచి 500 రూపాయల దాకా జరిమానా. ఆ చట్టం వెనక రాజ్యాంగం 17వ అధికరణం ఉంది. 15వ అధికరణం రెండో భాగం అయితే దుకాణాలు, రెస్టారెంట్లు, హోటళ్లు, వినోద స్థలాలు అని పేరుపేరునా చెప్పింది. మహాడ్ చెరువు నీళ్ల కోసం 1927లో జనాన్ని నడిపించిన మనిషే ఆ రాజ్యాంగ ముసాయిదా సంఘానికి అధ్యక్షుడు. చిన్నప్పుడు ప్రయాణంలో దాహం వేస్తే నీళ్లు దొరకని పిల్లవాడు కూడా ఆయనే.

చట్టం వచ్చినంత మాత్రాన గుమ్మాలు తెరుచుకోలేదని తెలుగువాళ్లకు వేరే చెప్పనక్కర్లేదు. 1991 ఆగస్టు 6న చుండూరులో ఎనిమిది మంది దళితుల్ని చంపారు. అంతకు నెల ముందు ఆ గొడవ ఒక సినిమా హాల్లో, ముందు సీటుకు కాలు తగిలిందన్న మాట దగ్గర మొదలైంది. చదువుకున్న దళిత కుర్రవాడు అందరితో పాటు కుర్చీలో కూర్చోవడమే అసలు నేరమైంది. డబ్బిచ్చి టిక్కెట్టు కొన్న చోట మనిషిగా కూర్చోవడం ఎంత ఖరీదైనదో ఆ ఊరు చెప్పింది. 1960 ఫిబ్రవరి 1న అమెరికాలోని గ్రీన్స్‌బరోలో నలుగురు నల్లజాతి విద్యార్థులు తెల్లవాళ్లకు మాత్రమే వడ్డించే కౌంటర్ దగ్గర కూర్చుని, వడ్డించకపోయినా లేవలేదు. ఆ కూర్చోవడం ఊరూరా పాకింది. 1964లో హోటళ్లలో, రెస్టారెంట్లలో జాతి వివక్షను నిషేధించే చట్టం వచ్చింది. అక్కడైనా ఇక్కడైనా వాళ్లు అడిగింది తిండి ఒక్కటే కాదు, తమను మనుషులుగా చూడమని.

కాబట్టి మన పిల్లలు బీచ్ రోడ్డులో ఏ హోటల్ మెట్లయినా తల ఎత్తుకుని ఎక్కాలి. అది వాళ్ల హక్కు. ఆ మెట్ల మీద వాళ్లను ఆపే అధికారం హోటల్ యజమానికి లేదు, బాబాయిలకూ లేదు. కుర్రవాడి మాటలో ఇంతవరకూ నిజం ఉంది.

ఇక మిగిలింది శీలం కూడా మడేనా అన్న ప్రశ్న. దీనికి జవాబు చెప్పాలంటే మడి అంటే ఏమిటో ముందు తేల్చుకోవాలి.

మడి అడిగేది ఒకటే: ఎవరు ముట్టారు? నీళ్లు శుభ్రమైనవా, అన్నం ఉడికిందా అని అది అడగదు. ఎవరి బిందె, ఎవరి చేయి, ఎవరి నీడ అని అడుగుతుంది. మడి చూపు ఎప్పుడూ ఎదుటి మనిషి మీదే. మైల అక్కడి నుంచి తన మీదికి వస్తుందని దాని భయం. శీలం అడిగే ప్రశ్న వేరు. ఈ పని చేస్తే నా మనసు ఏమవుతుంది, నా వల్ల ఇంకొకరికి ఏమవుతుంది? దాని చూపు తన చేతి మీదే ఉంటుంది.

తథాగతుడి సంఘం మడిని భోజనం దగ్గరే తెంపింది. భిక్ఖువు పాత్ర పట్టుకుని వరసగా ఇంటింటికీ వెళ్లాలి. మంచి ఇల్లు, చెడ్డ ఇల్లు అని దాటవేయకూడదు. బ్రాహ్మణుడి ఇంటి అన్నం, కమ్మరి ఇంటి అన్నం, వేట పల్లె అన్నం ఒకే పాత్రలో కలిసిపోతాయి. మడి కట్టుకున్నవాడికి అంతకంటే భయంకరమైన గిన్నె ఇంకొకటి ఉండదు. వైశాలిలో లిచ్ఛవి రాకుమారులు పిలిచినా, ముందు మాట ఇచ్చినందుకు బుద్ధుడు ఆమ్రపాలి ఇంట్లోనే భోజనం చేశాడు. ఆయన చివరిగా తిన్నది కమ్మరి చుందుడి ఇంట్లో. బావి దగ్గర మాతంగ కన్యను ఆనందుడు నీళ్లడిగితే, ఆమె తన కులం చెప్పి వెనక్కి తగ్గింది. నేను అడిగింది నీళ్లనే గాని కులం కాదు అన్నది ఆయన జవాబు. ఈ కథలన్నీ మనం ఆదివారం వందనలో చెప్పుకునేవే. అయితే వాటిని హోటల్ బల్ల దగ్గర ఎప్పుడూ గుర్తు చేసుకోలేదు.

‘ప్యూర్ వెజ్’ బోర్డు చూపిన మా పెద్దల మాట కూడా ఇక్కడే తేల్చుకోవాలి. మాంసం మానేయాలని కరుణతో ఎవరైనా నిర్ణయించుకుంటే మంచిదే, అది ప్రాణి మీద దయ. కానీ ఆ సాయంత్రం మా పెద్దలు చెప్పిన కారణం దయ కాదు. తొట్లకొండ చూసిన నోటితో చేప తింటే మైల అన్న భావం. జీవక సుత్తంలో బుద్ధుడు, తన కోసం చంపినట్టు చూడని, వినని, అనుమానం లేని మాంసాన్ని భిక్ఖువు తినవచ్చు అన్నాడు. ఆమగంధ సుత్తంలో అసలు దుర్గంధం మాంసానిది కాదు, హింస, దొంగతనం, అబద్ధం, మోసం లాంటి పనులదని ఉంది. మన వాడల తిండిని ‘నీచు’ అని పిలిచిన నోళ్లకు అది 2500 ఏళ్ల నాటి జవాబు. ఆ జవాబు మన దగ్గర ఉండగా, మనమే మన తిండిని చూసి సిగ్గుపడటం ఏమిటి? ఆ ఇద్దరు పెద్దలు ఈ మాట ఒప్పుకున్నారు. ఒకాయన నవ్వి, వంజరం వేపుడు తినాలని పొద్దుటి నుంచీ ఉంది అన్నారు.

చేప సంగతి అలా తేలింది. మద్యం సంగతి అంత సులువుగా తేలదు, ఎందుకంటే అది మడికి సంబంధించిన ప్రశ్న కాదు. ఐదో శీలం ఎవరు ముట్టారని అడగదు. తాగినవాడి మనసు ఏమవుతుందని అడుగుతుంది.

వినయ పిటకంలో సాగతుడి కథ ఉంది. ఆయన గొప్ప శక్తి గల భిక్ఖువు. జనాన్ని భయపెట్టిన ఒక భయంకర నాగాన్ని లొంగదీశాడు. కోశాంబి జనం కృతజ్ఞతతో ఇంటింటా ఆయనకు మద్యం సిద్ధం చేశారు. ఇంటింటా తాగి, ఊరి గుమ్మం దగ్గర పడిపోయాడు. తోటి భిక్ఖువులు మోసుకొచ్చి బుద్ధుడి వైపు తల పెట్టి పడుకోబెడితే, ఒళ్లు తెలియక కాళ్లు ఆయన వైపు తిప్పాడు. నాగాన్ని లొంగదీసిన ఈ మనిషి ఇప్పుడు చిన్న నీటి పామునైనా లొంగదీయగలడా అని బుద్ధుడు అడిగాడు. మద్యం కూడదన్న నియమం ఆ తర్వాత వచ్చింది. సాగతుణ్ని ఆ కథలో ఎవరూ అంటరానివాణ్ని చేయలేదు. పడిపోయినవాణ్ని భుజాల మీద మోసుకొచ్చారు. నియమం ఆయన్ను అవమానించడానికి కాదు, ఆయన శక్తి ఆయనకే మిగలడానికి.

గృహస్థులకు సిగాలోవాద సుత్తం మద్యం వల్ల ఆరు కీడులు చెప్పింది: ధనం పోవడం, తగాదాలు పెరగడం, రోగాలు రావడం, చెడ్డపేరు, సిగ్గు విడవడం, బుద్ధి మందగించడం. ఇందులో మైల అన్న మాటే లేదు. ఆరూ ఇంట్లో, వీధిలో కంటికి కనపడేవే. మన ఆడవాళ్లను అడిగితే ఏడోదీ ఎనిమిదోదీ కూడా చెప్తారు. బాబాసాహెబ్ 1927లో మహాడ్‌లో ఆడవాళ్లతో మాట్లాడుతూ, తాగి వచ్చిన భర్తకూ కొడుకుకూ అన్నం పెట్టవద్దని చెప్పాడు. 1956 అక్టోబర్ 14న నాగపూర్‌లో లక్షల మందితో చేయించిన 22 ప్రతిజ్ఞల్లో మద్యం తాగను అన్నది ఒకటి. హక్కుల కోసం జీవితమంతా పోరాడిన మనిషి, హక్కు వచ్చింది కదా ఇక ఏదైనా తాగండి అనలేదు. ఆ రెండింటికీ ఆయన దృష్టిలో వైరం లేదు.

మా ఛత్తీస్‌గఢ్ నేల మీద ఈ ఆలోచన పాతది. గురు ఘాసీదాస్ కులాన్ని కాదన్నాడు, అదే నోటితో మద్యాన్నీ కాదన్నాడు. భిలాయి కర్మాగారానికి ఇనుప ఖనిజం ఇచ్చే దల్లీ రాజహరా గనుల్లో శంకర్ గుహా నియోగి నడిపిన కార్మిక సంఘం, కూలీ రేట్ల పోరాటంతో పాటు సారా మానే ఉద్యమం కూడా నడిపింది. పెరిగిన కూలీ సారా కొట్టుకు పోతే పోరాటం ఎవరి కోసం అన్నది వాళ్ల ప్రశ్న. కూలీల పిల్లల కోసం బళ్లు, 1983లో షహీద్ ఆసుపత్రి ఆ సంఘమే నిలబెట్టింది. నియోగిని 1991 సెప్టెంబర్ 28న భిలాయిలోనే చంపారు. తెలుగు నేల మీద 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు రోశమ్మ ముందు నడవగా సారా కొట్టు మూయించారు. 1993 అక్టోబర్‌లో సారా నిషేధం, 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధం వచ్చాయి. 1997లో దాన్ని సడలించారు. రాజ్యాంగం 47వ అధికరణం మద్యనిషేధానికి రాజ్యం ప్రయత్నించాలని అంటుంది. మా రాష్ట్రంలో 2017 నుంచి మద్యం దుకాణాలు ప్రభుత్వానివే. కాబట్టి మద్యం మాన్పించే పని ప్రభుత్వం చేస్తుందని కూర్చోలేం.

ఇక్కడ కుర్రవాళ్లు అడిగే ఇంకో మాట ఉంది. వాడలో మన మేనమామ తాగితే తాగుబోతు అంటారు. అదే మద్యం పబ్‌లో ఎవరో తాగితే సరదా అంటారు. మీరు కూడా అదే తేడా చూపిస్తున్నారా? ఈ మాట పూర్తిగా న్యాయమైనది. తాగుడు ఏ ఒక్క కులానిదీ కాదు. మన వాడల మీద ఆ ముద్ర వేసినవాళ్లు తమ ఇళ్ల బీరువాలు చూసుకోలేదు. అందుకే శీలం మాట చెప్పేటప్పుడు మనం వాడకు ఒక కొలత, పబ్‌కు ఒక కొలత పెట్టకూడదు. తాగే మనిషిని తక్కువ చేయకూడదు. బార్లో వడ్డించే ఉద్యోగం చేసే మన పిల్లవాణ్నీ దోషిలా చూడకూడదు. మత్తు పదార్థాల వ్యాపారం ఉపాసకుడికి తగదని బుద్ధుడు అన్నాడు, నిజమే. అతనికి ఇంకో పని వెతికిపెట్టే పూచీ మాత్రం సంఘంగా మనదే. ఆ పూచీ తీసుకోకుండా తప్పు పట్టడం తేలిక.

ఇక నిషేధానికీ శీలానికీ తేడా చెప్పాలి. టీ కొట్టులో వేరే గ్లాసు మన మీద ఇంకొకరు పెట్టిన నిషేధం. అందులో మన ఇష్టం లేదు, మన మేలు లేదు. ఐదో శీలం అలా కాదు. దాన్ని మన సంప్రదాయం సిక్ఖాపదం అంటుంది. అంటే అభ్యాసం కోసం తీసుకునే మెట్టు. భిక్ఖువు మనకు ఆజ్ఞ ఇవ్వడు. మనమే మన నోటితో ‘స్వీకరిస్తున్నాను’ అంటాం. లోపలికి వెళ్లే హక్కు లేనివాడు తాగకపోతే అది బానిసత్వం కావచ్చు. హక్కు ఉండి, జేబులో డబ్బుండి, ముందు గ్లాసుండి, వద్దు అనగలిగితే అది స్వేచ్ఛ. కాబట్టి హక్కును సంపాదించిన తరం, శీలాన్ని పాటించే తరం ఒకదానికొకటి వ్యతిరేకం కాదు. మొదటిది లేకుండా రెండోదానికి పూర్తి అర్థం రాదు.

ఈ మాటలన్నీ ఇంత వరసగా ఆ రోజు మేము చెప్పలేదు. కొన్ని రోడ్డు మీద అన్నాం, కొన్ని తిరుగు రైల్లో, కొన్ని ఇంటికొచ్చాక తోచాయి. ఆ రాత్రికి మాత్రం ఒక ఒప్పందానికి వచ్చాం. అందరం పబ్‌కే వెళ్దాం. ఎవరి శీలం వాళ్ల దగ్గర. ఎవరూ ఎవరి గ్లాసూ లెక్కపెట్టవద్దు.

వెళ్లాం. వంజరం వేపుడు తెప్పించుకున్నాం, నిమ్మకాయ సోడా తెప్పించుకున్నాం. ఆ కుర్రవాడు ఒక బీరు చెప్పాడు. మేము ఏమీ అనలేదు. అతనింకా పంచశీల తీసుకోలేదు, తీసుకోనిదాన్ని తప్పాడనడం కుదరదు. కిటికీలోంచి అలలు తెల్లగా కనిపిస్తున్నాయి. సంతోషంగానే ఉంది. శీలం గురించి బాగా మాట్లాడామన్న తృప్తి కూడా మాలో ఉంది.

ఇంతలో బల్ల తుడిచే అబ్బాయి వచ్చాడు. పద్దెనిమిదేళ్లుంటాయేమో. తడి గుడ్డ మా తెల్ల చొక్కా మోచేతికి తగిలింది. “ఏయ్, దూరం, దూరం!” అన్నాం. అన్నది ఇంకెవరో కాదు, మేమే. అబ్బాయి రెండడుగులు వెనక్కి వెళ్లి, “సారీ సార్” అన్నాడు.

బల్ల మీద మాటలు ఆగిపోయాయి. బీరు ముందు పెట్టుకున్న కుర్రవాడు లేచి, ఆ అబ్బాయి చేతిలోంచి ప్లేట్లు కొన్ని అందుకుని ట్రేలో పెట్టాడు. పేరు అడిగాడు, భోజనం చేశావా అని అడిగాడు. అబ్బాయి వెళ్లాక మెల్లగా అన్నాడు:

“బాబాయ్, ‘దూరం’ అన్న మాట మన ఇంట్లోకి ఎక్కడి నుంచి వచ్చింది?”

చొక్కా తడిసిందని అన్నాం. అది నిజమే. మురికి గుడ్డ తగిలితే ఎవరైనా చేయి తీసుకుంటారు. శుభ్రత వేరు, మడి వేరు. కానీ అదే తడి గుడ్డ పక్కన కూర్చున్న స్నేహితుడి చేతిలోంచి తగిలితే ‘చూసుకో’ అనేవాళ్లం. ‘దూరం’ అనేవాళ్లం కాదు. తాతగారిని ఊళ్లో ఏ మాటతో నెట్టారో, ఆ మాటే యాభై ఏళ్లు దాటిన మా నోటి నుంచి, త్రిశరణాలు చదివిన నోటి నుంచి వచ్చింది. అలాంటి మాట ఎదుటి మనిషి స్థాయి చూసుకునే నోటి దాకా వస్తుంది.

కుర్రవాడు ఇంకో మాట కూడా అన్నాడు. “ఇంట్లో కిటికీ మీద బోర్లించిన స్టీలు గ్లాసు ఎవరిది, బాబాయ్?”

ఆ గ్లాసు సంగతి పాఠకులకు చెప్పుకోవాలి. నెహ్రూనగర్‌లో మా ఇంట్లో గిన్నెలు తోమడానికి ఒక ఛత్తీస్‌గఢీ ఆమె వస్తుంది. పని అయ్యాక టీ ఇస్తాం. ఆమె గ్లాసు వేరు. వంటింటి కిటికీ గట్టు మీద ఉంటుంది. ఎవరూ నియమం పెట్టలేదు, అలా అలవాటైంది. అలవాటని, ఆరోగ్యమని మేమే సర్దిచెప్పుకున్నాం. ఇంట్లో ప్రతి గ్లాసూ, ప్రతి కంచమూ ఆమె చేత్తోనే కడుగుతుంది. ఆ చేయి కడిగిన గ్లాసులో మేము తాగుతాం. ఆమె పెదవి తగిలిన గ్లాసులో మాత్రం తాగం. ఇందులో ఆరోగ్యం ఎక్కడుందో మాకు ఇప్పటికీ తెలియదు. ఉక్కు ఊళ్లో, అంబేద్కర్ పటం ఉన్న ఇంట్లో, టీ కొట్టు చూరు కింది గ్లాసు కిటికీ గట్టు మీదికి వచ్చి కూర్చుంది. 4వ సెక్షన్ పబ్లిక్ హోటల్లో గిన్నెల గురించి మాట్లాడుతుంది. ఈ గ్లాసు గురించి ఫిర్యాదు చేయడానికి ఆమె ఏ పోలీసు స్టేషన్‌కూ వెళ్లదు. ఇక్కడ చట్టం ఆగిపోతుంది, శీలం ఒక్కటే లోపలికి రాగలదు. కులనిర్మూలన రాసిన బాబాసాహెబ్ సహపంక్తి భోజనాలు కులాన్ని చంపలేకపోయాయని 1936లోనే అన్నాడు. ఒక పూట అందరూ ఒక వరసలో కూర్చుంటే చాలదు, తర్వాత ఇంటికొచ్చి గ్లాసులు ఎక్కడ పెడతామో అదీ చూడాలి.

కాబట్టి ఆ సాయంత్రం చర్చలో మేము గెలిచామని చెప్పుకోలేం. శీలం మడి కాదు అన్న మా వాదన సరైనదే అని ఇప్పటికీ అనుకుంటున్నాం. అయితే శీలం పేరు చెప్పుకునే మాలోనే మడి దాక్కుని ఉంది. దాన్ని పట్టుకున్నది బీరు తాగుతున్న కుర్రవాడు. ఐదో శీలం ఒక్కటి పాటించి మిగతా ధమ్మమంతా గుమ్మం బయట వదిలేస్తే, ఆ శీలం కూడా గొప్పగా చూపించుకునే మడి బట్టే అవుతుంది. అప్పుడు కుర్రవాడి మొదటి మాటే నిజమవుతుంది.

బయట తినడానికి వెళ్లే మన కుటుంబాలకు మేము చెప్పదలచింది ఇంతే. ఏ హోటల్ మెట్లయినా హక్కుతో ఎక్కండి. ఎవరైనా ఆపితే ఊరుకోవద్దు, చట్టం మన వైపుంది. ఏం తినాలో మైల భయంతో తేల్చుకోవద్దు, దయతో తేల్చుకోండి. మద్యం గ్లాసు ముందుకు వస్తే సాగతుణ్నీ, మన ఇళ్లల్లోని ఆడవాళ్లనూ గుర్తు చేసుకోండి. లేచి వచ్చే ముందు వడ్డించిన మనిషి వైపు, బల్ల తుడిచిన మనిషి వైపు ఒకసారి చూడండి. మన శీలం ఎంతదో వాళ్లతో మాట్లాడిన తీరులో తెలిసిపోతుంది.

భిలాయి తిరిగి వచ్చిన మర్నాడు కిటికీ మీది గ్లాసు తీసి మిగతావాటితో కలిపేశాం. పని అయ్యాక ఆమె గట్టు మీద చూసింది, గ్లాసు కనపడలేదు. ఏదైనా తీసుకోమన్నాం. ఆమె అరలో వెతికి తన పాత గ్లాసే తీసుకుంది. తాగి, కడిగి, మళ్లీ కిటికీ మీద పెట్టి వెళ్లింది. మూడు నాలుగు వారాలు అలాగే జరిగింది. మేము తీసి కలపడం, ఆమె వెతికి పెట్టడం. మడి మా ఒక్కరి అలవాటు కాదు, ఏళ్ల తరబడి ఆమెకూ నేర్పాం. ఈ మధ్య చేతికందిన గ్లాసు తీసుకుంటోంది. కుర్చీలో మాత్రం ఇంకా కూర్చోదు, గుమ్మం దగ్గర నేల మీదే కూర్చుంటుంది. ఆ కుర్రవాడు పోయిన వారం ఫోన్ చేసి ముందు ఆమె సంగతే అడిగాడు. పంచశీల ఎప్పుడు తీసుకుంటావని మేము అడగలేదు. ఆమె కుర్చీలో కూర్చున్న రోజున అడుగుతాం.

జై భీమ్! నమో బుద్ధాయ!